నెల్లూరు ఎండలో కస్టమ్ వాటర్ కూలింగ్: ఓ11 డైనమిక్ ఈవో కేసు, రెండు 360 రేడియేటర్లు, డీ5 పంపు ఎలా ఉన్నాయంటే

మొదట అసలు విషయం చెప్పేస్తాను. నా ఎడిటింగ్ పీసీకి రెడీమేడ్ ఏఐఓ (పంపు, రేడియేటర్ అన్నీ కలిపి సీలు చేసి అమ్మే వాటర్ కూలర్) కాకుండా విడిభాగాలు కొని కట్టిన వాటర్ లూప్, అంటే నీళ్లు గుండ్రంగా తిరిగే గొట్టాల ఏర్పాటు, పెట్టి ఒక పూర్తి వేసవి దాటించాను, రోహిణి కార్తెతో సహా. పని చేసింది, బాగా చేసింది, మళ్లీ కట్టాల్సి వస్తే ఇదే లేఅవుట్ కడతాను. కానీ నెట్‌లో దొరికే ప్లానింగ్ సలహాలు చాలావరకు గది 20, 22 డిగ్రీలు ఉండే ఊళ్లవాళ్లవి. నెల్లూరులో మేడ మీద గది, పైన ఎండకు కాలిన స్లాబు, రాత్రి పది దాటినా ఆ స్లాబు వేడి దిగుతూనే ఉంటుంది. ఆ లెక్కలు ఇక్కడికి తెచ్చి పెడితే పనికిరావు. మన దగ్గర లూప్ ప్లాన్ చేయాలంటే మొదట చూడాల్సింది రంగులు, లైట్లు, గొట్టాల వంపులు కాదు. మే నెల మధ్యాహ్నం మూడింటికి, ఏసీ ఆగిపోయిన గదిలో, రెండు గంటల రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుదిరూపంలోకి మార్చే పని) నడుస్తుంటే నీళ్లు ఎన్ని డిగ్రీలకు చేరతాయి అన్నది చూడాలి. మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకే వస్తాయి.

నా పని పెళ్లి వీడియోలు, అప్పుడప్పుడూ యాడ్స్. పక్కనే వాయిస్ రికార్డింగ్ కూడా ఉంటుంది కాబట్టి శబ్దం పెద్ద సమస్య. ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4080. కేసు లియాన్ లీ ఓ11 డైనమిక్ ఈవో. 30 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి రేడియేటర్లు (నీటి వేడిని గాలికి వదిలే రెక్కల పెట్టెలు) రెండు, రెండూ 360 సైజు, అంటే ఒక్కోదానికి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు పడతాయి. ట్యాంకుతో కలిసి వచ్చే డీ5 పంపు, నల్లటి రబ్బరు గొట్టాలు, రంగు లేని కూలెంట్ (లూప్‌లో తిరిగే ద్రవం). 120 సైజు ఫ్యాన్లు మొత్తం తొమ్మిది. ఇంతే.

మొదటిసారి చూసినవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. మా ఒంగోలు తమ్ముడైతే ఇలా అడిగాడు: "ఏందన్నా, ఇంత డబ్బు పోసినావు, ఇంక ఏసీ అక్కర్లేదు గదా?" అక్కర ఉంది రా నాయనా. నీళ్లు చలిని పుట్టించవు. అవి లారీలాంటివి, ఒకచోట వేడి ఎక్కించుకుని ఇంకోచోట దించుతాయి. దించేది ఎక్కడ? నీ గదిలోనే. 400 వాట్లు తినే పీసీ గాలితో చల్లబడినా నీళ్లతో చల్లబడినా 400 వాట్ల వేడి గదిలోకే వస్తుంది. ఒక టన్ను ఏసీ సామర్థ్యం 3.5 కిలోవాట్లు, అందులో తొమ్మిదో వంతు నీ పీసీయే తినేస్తుందన్నమాట. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీటిని గది వేడికంటే కిందికి దించలేదు. మంచి లూప్‌లో నీళ్లు గదికంటే 10 డిగ్రీల దాకా ఎక్కువ ఉంటాయి, అంతకు తక్కువ ఉంటే ఇంకా మంచిది. అందుకే "లోపల చెమ్మ పట్టి బోర్డు కాలిపోదా, మనది సముద్రం పక్క ఊరు కదా" అనే భయం అక్కర్లేదు. గదికంటే చల్లగా ఉన్న వస్తువు మీదే చెమ్మ పడుతుంది, ఈ లూప్‌లో అలాంటి భాగమే ఉండదు.

ఇప్పుడు మన లెక్క. ఏసీ వేసి గది 27 దగ్గర ఉంటే నీళ్లు 37, 38. ఏ ఇబ్బందీ లేదు. అదే కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఏసీ లేకుండా గది 38కి చేరితే నీళ్లు 50 దగ్గరికి వస్తాయి. డీ5 పంపుకు నీటి వేడి పరిమితి 60 డిగ్రీలు. అంటే మన చేతిలో ఉన్న జాగా పది డిగ్రీలే. చల్లని ఊళ్లో ఒక రేడియేటర్ తక్కువ వేసినా గడిచిపోతుంది, ఇక్కడ గడవదు.

ఈ జాగా పెంచుకోవడానికి రెండు దారులు. ఒకటి రేడియేటర్ పెంచడం, రెండోది వేడే తగ్గించడం. రెండోదానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ దాని గురించి మాట్లాడరు. 7950ఎక్స్ మామూలుగా వదిలేస్తే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) దగ్గర 230 వాట్ల దాకా లాగుతుంది, 95 డిగ్రీల దాకా వెళ్తుంది. అది తప్పు కాదు, ఆ చిప్పును అలా నడిచేలాగే చేశారు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, 105 వాట్లు అని పేరున్న ఎకో మోడ్ పెడితే సాకెట్ దగ్గర 142 వాట్ల దగ్గర ఆగుతుంది. రెండర్ టైములో తేడా ఉంటుంది కానీ నా పనిలో దానికోసం బాధపడేంత కాదు. 4080 కార్డుకు కంపెనీ పెట్టిన పరిమితి 320 వాట్లు, దాన్ని 80 శాతానికి తగ్గిస్తే 256. రెండూ కలిపి 400 దగ్గర. రెండు 360 రేడియేటర్లు అంటే 120 సైజు భాగాలు ఆరు. ఒక్కో భాగానికి 70 వాట్లలోపే పడుతుంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. పరిమితులు తీసేసి 550 వాట్లు లాగిస్తే ఒక్కో భాగానికి 90 దాటుతుంది, అప్పుడు ఫ్యాన్లు అరవాల్సిందే. మరి ఇంత ఖర్చు పెట్టింది ఆ అరుపు లేకుండా చేసుకోవడానికే కదా.

ఇక ఒక్కో వస్తువు సంగతి.

కేసు. ఓ11 డైనమిక్ ఈవో గురించి జనం ఫొటోలు చూసి కొంటారు, ముందు ఒక అద్దం, పక్కన ఒక అద్దం. నేను కొన్నది లోపలి రెండు గదుల ఏర్పాటు కోసం. మదర్‌బోర్డు ఒకవైపు, ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు సరఫరా డబ్బా, కేబుళ్లు అన్నీ వెనకవైపు. పైన, పక్కన, కింద మూడుచోట్లా 360 రేడియేటర్ పడుతుంది. గొట్టాలు తిప్పడానికి చెయ్యి పట్టేంత చోటు నిజంగా ఉంది, లూప్ కట్టేవాడికి ఇది చాలా పెద్ద సుఖం. ఫ్యాన్లు కేసుతో రావు, ఆ ఖర్చు వేరే వేసుకోండి. ముందు అద్దం కాబట్టి అటునుంచి గాలి రాదు, పక్కనుంచి, కిందినుంచి మాత్రమే లాక్కోవాలి. కాబట్టి కేసును గోడకు ఆనించి, మూలకు తోసి పెట్టేవాళ్లకు ఇది సరిపోదు. కింద కూడా గాలి ఆడాలి, నేలమీద కాకుండా స్టూలు మీదో బల్ల మీదో పెట్టుకోండి.

రేడియేటర్లు ఎక్కడ పెట్టాలన్న దగ్గర నేను చాలా ఆలోచించాను. పక్కన ఒకటి, బయటి గాలి లోపలికి లాగేలా. పైన ఒకటి, లోపలి గాలి బయటికి నెట్టేలా. కింద రేడియేటర్ లేకుండా మూడు ఫ్యాన్లు మాత్రమే, చల్లటి గాలి సూటిగా లోపలికి. మూడో రేడియేటర్ కింద పెడితే ఇంకా మంచిది కదా అంటారు. 400 వాట్లకు అవసరం లేదు, పైగా అన్ని గాలి దారులూ రేడియేటర్ల గుండా వేడెక్కి లోపలికి వస్తే పైన ఉన్న రేడియేటర్‌కు ఆ వేడి గాలే దిక్కు. మదర్‌బోర్డు మీది విద్యుత్ భాగాలు, ఎస్‌ఎస్‌డీ కూడా ఆ వేడిలోనే ఉండాలి, వాటికి నీళ్లు తగలవు, గాలే ఆధారం. మన గది గాలి అసలే వేడి, దాన్ని లోపలికి వచ్చేలోపు ఇంకా వేడి చేసుకోవడం ఎందుకు?

మందం గురించి ఒక మాట. 45, 60 మిల్లీమీటర్ల రేడియేటర్లు చూసి మందంగా ఉంటే గొప్పది అనుకోకండి. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేటప్పుడు మందపు రేడియేటర్ ఇచ్చే లాభం తక్కువ, తినే చోటు ఎక్కువ. 30 మిల్లీమీటర్ల రేడియేటర్, 25 మిల్లీమీటర్ల ఫ్యాను కలిపి 55. పైన మదర్‌బోర్డు హీట్‌సింకులకు, ర్యామ్‌కు తగలకుండా ఉండాలంటే ఈ 55 కొలతను టేపుతో కొలిచి, కాగితం మీద గీసి, తర్వాత ఆర్డర్ పెట్టండి. రేడియేటర్ నోళ్లు (నీళ్లు వచ్చిపోయే రంధ్రాలు) ఎటువైపు వస్తాయో కూడా గీయండి. నావి పక్క రేడియేటర్ నోళ్లు కిందికి, పై రేడియేటర్ నోళ్లు ముందుకి. రెండూ ఒకే మూలలో కలిస్తే ఫిట్టింగు (గొట్టాన్ని బిగించే మర జాయింటు) తిప్పడానికి వేలు కూడా దూరదు.

ఇంకా ముఖ్యమైనది రెక్కల సాంద్రత, ఎఫ్‌పీఐ అంటారు, అంగుళానికి ఎన్ని రెక్కలని. 20 దాటినవి దట్టమైనవి, వేగంగా తిరిగే ఫ్యానుకు బాగుంటాయి, దుమ్ము కూడా అంతే బాగా పట్టుకుంటాయి. నేను 16 ప్రాంతంలో ఉన్నవి తీసుకున్నాను, బ్లోయర్‌తో కొడితే దుమ్ము పోతుంది. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీల దగ్గర ఆఫీసున్న ఒక స్నేహితుడు ఇదే కట్టాలనుకుంటున్నాడు. అక్కడి దుమ్ము మామూలు ఇంటి దుమ్ము కాదు, పిండిలా సన్నగా ఉండి ఫిల్టరు దాటి వస్తుంది. అతనికి నేను చెప్పింది దట్టమైన రెక్కలు వద్దే వద్దు, లోపలికి లాగే ఫ్యాన్లన్నిటికీ ఫిల్టరు ఉండాలి, లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే ఎక్కువ ఉండాలి, అప్పుడే సందుల్లోంచి దుమ్ము లోపలికి దూరదు. నా ఏర్పాటులో ఆరు ఫ్యాన్లు లోపలికి, మూడు బయటికి. అందులోని లాభం ఇదే.

రేడియేటర్ ఏ లోహం అన్నది రెండుసార్లు అడగండి. ప్రాసెసర్ బ్లాకు, కార్డు బ్లాకు (చిప్పు మీద ఆని, వేడిని నీళ్లకు ఎక్కించే లోహపు దిమ్మెలు) రాగివి, కొన్నింటికి పైన నికెల్ పూత. అదే నీళ్లలో అల్యూమినియం రేడియేటర్ కలిస్తే రెండు లోహాల మధ్య చర్య జరిగి అల్యూమినియం తినేసుకుపోతుంది. చౌకగా దొరికే కిట్లలో ఇదే గొడవ. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు రాగి అని రాసి అల్యూమినియం రేడియేటర్ పంపాడు. చేత్తో పట్టుకుంటేనే బరువు తేలిపోయింది, వెనక్కి పంపించి డబ్బు తెప్పించుకునేలోపు ఫోన్లతో బుర్ర వేడెక్కింది. అందుకే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

కొత్త రేడియేటర్ పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకూడదు. తయారీలో మిగిలిన టంకం మురికి లోపల ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, నోళ్లు మూసి, అటూ ఇటూ ఊపి పారబోయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా చేయాలి, విసుగు పుట్టే పని, కానీ తప్పదు. ఫ్యాన్ స్క్రూల పొడవు కూడా చూడండి. 25 మిల్లీమీటర్ల ఫ్యానుకు 30 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. దానికంటే పొడుగుది దొరికిందని బిగిస్తే రెక్కల కింద నీటి గొట్టానికి చిల్లు పడుతుంది, రేడియేటర్ అక్కడితో సరి.

పంపు. డీ5కి నా దగ్గర మెచ్చుకోళ్లే ఉన్నాయి. గరిష్ఠంగా నిమిషానికి 4,800 చుట్లు తిరుగుతుంది, అంత అవసరం ఎప్పుడూ రాదు. 60 శాతం దగ్గర పెడితే పక్కన కూర్చున్నా వినిపించదు, స్పాంజి అడుగు వేస్తే కేసు అదురు కూడా ఉండదు. కరెంటు మాత్రం ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఇవ్వాలి. మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్నులు మామూలుగా 1 ఆంపియర్, అంటే 12 వాట్లే ఇస్తాయి, డీ5 పూర్తి వేగంతో 20 వాట్లు దాటుతుంది. బోర్డుకు వెళ్లేది వేగం చెప్పే తీగ మాత్రమే. ఇంకో విషయం, ఈ పంపుకు లోపలి నీళ్లే నూనె. ఒట్టిగా ఒక్క నిమిషం తిప్పినా పాడవ్వచ్చు. ట్యాంకు పైన, పంపు కింద, ఈ వరస ఒక్కటే తప్పనిసరి.

మిగతా వరస, అంటే ముందు ప్రాసెసరా కార్డా రేడియేటరా అనే వాదనకు నేను టైము ఇవ్వను. నిమిషానికి 3 లీటర్లు తిరుగుతుంటే 400 వాట్ల వేడికి లూప్ మొత్తంలో నీటి వేడి తేడా 2 డిగ్రీలలోపే. కాబట్టి గొట్టం ఎటు నుంచి ఎటు దగ్గరైతే అటు వేయండి.

గొట్టాలు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెప్తాను. గాజులా మెరిసే పీఈటీజీ గొట్టాలు ఫొటోలో అందంగా ఉంటాయి. కానీ ఆ ప్లాస్టిక్ వేడికి మెత్తబడే రకం, 50 డిగ్రీల నీళ్లకు, 38 డిగ్రీల గదికి నేను దాన్ని నమ్మను. గట్టి గొట్టమే కావాలంటే ఆక్రిలిక్ మేలు, ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది, కానీ కోయడం, వంచడం చేతనవ్వాలి. పారదర్శకంగా ఉండే మెత్తటి పీవీసీ గొట్టాలు కొన్నాళ్లకు మసకబారుతాయి, వాటిలోంచి దిగిన జిగురు బ్లాకు లోపల పేరుకుంటుంది. నేను వేసింది నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టం, లోపల 10, బయట 16 మిల్లీమీటర్లు. లోపల నీళ్లు కనిపించవు, లైట్లు పడితే మెరవవు, ఎవరూ ఫొటో తీసుకోరు. వేడికి భయపడదు, వంచితే వంగుతుంది, విప్పాలంటే కత్తెర చాలు. మన ఎండకు దీన్ని మించింది నేను చూడలేదు.

ఫిట్టింగుల ఖర్చును అందరూ మర్చిపోతారు. ప్రాసెసర్ బ్లాకుకు రెండు, కార్డుకు రెండు, రేడియేటర్లకు నాలుగు, పంపుకు రెండు, ఇవి తప్పనిసరి పది. తర్వాత 90 డిగ్రీల మూలలు, నీళ్లు దించే వాల్వు, దానికో టీ ఆకారపు జాయింటు. ఒక్కోటీ వందల్లో ఉంటుంది, మొత్తం కలిపితే ఒక రేడియేటర్ ధర. మర అంతా జీ1/4 అనే ఒకే కొలత, కంపెనీలు మారినా బిగుస్తాయి, కానీ గొట్టం కొలతకు, ఫిట్టింగు కొలతకు లెక్క కలవాలి. 10/13 గొట్టానికి 10/16 ఫిట్టింగు తెస్తే మళ్లీ వారం ఆగాల్సిందే, ఎందుకంటే నెల్లూరులో నేను అడిగిన షాపుల్లో ఎవరి దగ్గరా ఇవి స్టాకు లేవు. అది వాళ్ల తప్పు కాదు, ఇక్కడ ఏడాదికి ఎంతమంది కొంటారు? చెన్నై రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్ సీటీసీ వెళ్లినా ఫిట్టింగులు అన్నీ ఒకచోట దొరుకుతాయని పెట్టుకోవద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే, రెండు మూడు అదనంగా కలుపుకొని.

దించే వాల్వు మాత్రం ఖర్చు అని వదిలేయకండి. లూప్‌లో అన్నిటికంటే కింద ఉన్న చోట అది ఉండాలి. అది లేకపోతే నీళ్లు మార్చాల్సిన ప్రతిసారీ కార్డు మీద, బోర్డు మీద నీళ్లు పడతాయేమో అన్న టెన్షన్‌తో పని చేయాలి, ఆ టెన్షన్ వల్లే జనం ఏళ్ల తరబడి నీళ్లు మార్చరు.

కార్డు బ్లాకు. తొందరపడితే డబ్బు పోయేది ఇక్కడే. ప్రాసెసర్ బ్లాకు ఏ కంపెనీదైనా సాకెట్ చూసుకుంటే చాలు. కార్డుకు అలా కాదు. 4080 అని పేరు ఒకటే అయినా ఒక్కో కంపెనీ బోర్డు ఒక్కో రకం, ఒకే కంపెనీలో రెండు మోడళ్ల బోర్డులు కూడా వేరుగా ఉంటాయి. ఆఫర్‌లో కార్డు కొనేసి తర్వాత బ్లాకు వెతికితే చాలా మోడళ్లకు అసలు ఉండదు. ముందు బ్లాకు వెతకండి, అది ఏ కార్డుకు పడుతుందో చూసి ఆ కార్డు కొనండి. ఫ్యాన్లు, హీట్‌సింకు విప్పితే వారంటీ ఉంటుందా పోతుందా అన్నది కార్డు కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. థర్మల్ ప్యాడ్ల (చిప్పుకు, బ్లాకుకు మధ్య వేడి దాటించే మెత్తటి ముక్కలు) మందం బ్లాకుతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది, ఏ చిప్పుకు ఏ మందమో అదే వేయాలి, ఇంట్లో ఉన్నది కదా అని వేరేది వేస్తే బ్లాకు చిప్పుకు సరిగా ఆనదు.

శ్రమకు ఫలితం కూడా ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. ప్రాసెసర్ దగ్గర పెద్దగా మార్పు ఉండదు, ఆ చిప్పు చిన్నది, దాని మీది లోహపు మూత మందం, ఎంత నీరు పోసినా వేడి అక్కడే చిక్కుకుంటుంది. కార్డు చిప్పు పెద్దది, బ్లాకు నేరుగా దాని మీదే ఆనుతుంది. ఏసీ గదిలో రెండర్ మధ్యలో నా కార్డు 50 దాటదు, ఏసీ లేని మధ్యాహ్నం 60 ప్రాంతంలో ఉంటుంది. గాలితో ఉన్నప్పుడు 75 చూసేవాణ్ని, ఫ్యాన్ల హోరు మైకులో పడేది. ఇప్పుడు పడదు.

ఇక నీళ్లు. మన నెల్లూరు, ప్రకాశం వైపువాళ్లు దీని మీద మిగతావాళ్లకంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. తీరం పక్క బోర్లలో ఉప్పు. పాత ప్రకాశం జిల్లా కనిగిరి వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునే పొర చూశారు కదా, బ్లాకు లోపలి రాగి గీతల మధ్య సందు అర మిల్లీమీటర్ కూడా ఉండదు, అక్కడ ఆ పొర పేరుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు కూడా వద్దు. తాగడానికి మంచివే, కానీ వాటిలో లవణాలు పూర్తిగా పోవు. డిస్టిల్డ్ వాటర్ కావాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే సీసాల్లో కొన్ని బాగానే ఉంటాయి, కొన్ని పేరుకే. రెండు వందల రూపాయల టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచి చూడండి, సున్నా దగ్గర చూపించాలి. మూత సీలు లేని సీసా, విడిగా డబ్బాలోంచి పోసిచ్చేది ముట్టుకోవద్దు, బ్యాటరీ షాపులో యాసిడ్ కూడా అలాంటి డబ్బాల్లోనే ఉంటుంది.

ఒట్టి డిస్టిల్డ్ వాటర్ కూడా సరిపోదు. తుప్పు ఆపే మందు, నాచు పెరగకుండా ఆపే మందు కలవాలి. మన వేడికి, ట్యాంకు మీద వెలుతురు పడితే నాచు త్వరగా పట్టేస్తుంది. నేను రెండూ కలిపి వచ్చే రంగు లేని రెడీమేడ్ కూలెంట్ వాడుతున్నాను. పాలలా చిక్కగా కనిపించే రంగు కూలెంట్లలో సన్నటి పొడి ఉంటుంది, అది కొన్నాళ్లకు బ్లాకు సందుల్లో దిగిపోతుంది. ప్రదర్శనకు పెట్టే పీసీకి సరే, రోజూ పని చేసే పీసీకి వద్దు. నికెల్ పూత ఉన్న బ్లాకులుంటే నాచు ఆపడానికి వెండి తీగ వేసే పాత పద్ధతి కూడా వదిలేయండి. కారు కూలెంట్ పోస్తే పోదా అని అడుగుతారు. దానిలో మామూలుగా ఉండేది ఎథిలీన్ గ్లైకాల్, విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసా కూడా తేవద్దు. ట్యాంకు ఆక్రిలిక్‌ది అయితే స్పిరిట్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు, తర్వాత డిస్టిల్డ్ వాటర్, అంతే.

నీళ్లు పోసే ముందు గాలితో పరీక్ష చేయాలి. మీటర్ ఉన్న చేతిపంపు దొరుకుతుంది, లూప్‌కు తగిలించి అర బార్ వరకు గాలి కొట్టి వదిలేస్తే ముల్లు కదలకుండా నిలబడాలి. పడిపోతుంటే ఎక్కడో ఫిట్టింగు వదులు, లేదా రబ్బరు వలయం మడత పడింది. ఈ పంపు ఖర్చుకు వెనకాడకండి, లక్షల సామాను మీద నీళ్లు పోసి చూద్దాం అనే ధైర్యం నాకు లేదు. గాలి నిలిచాక నీళ్లు. అప్పుడు కూడా బోర్డుకు, కార్డుకు కరెంటు ఇవ్వకూడదు. ఎస్‌ఎంపీఎస్ 24 పిన్నుల కనెక్టర్‌లో ఆన్ చేసే పిన్నును, ఒక గ్రౌండ్ పిన్నును కలిపే చిన్న ప్లగ్గు దొరుకుతుంది, దాంతో పంపు ఒక్కటే తిప్పుతూ, ట్యాంకు ఖాళీ అవుతుంటే ఆపి మళ్లీ నింపుతూ వెళ్లాలి. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం పెట్టండి, ఒక్క చుక్క పడినా కనిపిస్తుంది. నా పక్క రేడియేటర్ నోళ్లు కిందికి ఉన్నాయి కాబట్టి గాలి దాని పైభాగంలో చిక్కుకుంటుంది, కేసును అటూ ఇటూ వంచితే బుడగలు ట్యాంకులోకి వస్తాయి. నిండాక ఆ కేసు బరువు తక్కువేం కాదు, ఇంకొకరి సాయం తీసుకోండి.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖమిచ్చిన వస్తువు నీటి వేడి కొలిచే చిన్న సెన్సార్. ఒక ఫిట్టింగు చోట బిగించి, తీగ మదర్‌బోర్డు మీద ఉన్న రెండు పిన్నుల టెంపరేచర్ సాకెట్‌లో పెట్టాలి. అన్ని బోర్డులకూ ఆ సాకెట్ ఉండదు, బోర్డు కొనేముందే చూసుకోండి. ఫ్యాన్ల వేగాన్ని ప్రాసెసర్ వేడితో ముడిపెడితే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాన్లు ఎగిరి దిగుతుంటాయి. నీటి వేడితో ముడిపెడితే అలా ఉండదు, నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, ఫ్యాన్లూ నెమ్మదిగా కదులుతాయి. నాది నీళ్లు 40 దాకా తక్కువ వేగం, 40 నుంచి 50 వరకు మెల్లగా పెరుగుదల, 52 దాటితే పూర్తి వేగం. చలికాలంలో ఈ పీసీ నడుస్తున్నట్టే తెలియదు. మే నెలలో తెలుస్తుంది, అబద్ధం చెప్పను.

ఖర్చు. కేసు, ఫ్యాన్లు పక్కన పెడితే ఒక్క లూప్‌కే డెబ్బై వేలకు దగ్గరపడింది. అందుకే గేమింగ్ కోసమే పీసీ వాడేవాళ్లు, ముఖ్యంగా 7800ఎక్స్‌3డీ లాంటి ప్రాసెసర్ ఉన్నవాళ్లు దీని జోలికి రానక్కర్లేదు. దానికి ప్రాసెసర్ మీద బిగించే మంచి రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు, మిగిలిన డబ్బుతో గదికి ఏసీ పెట్టించుకుంటే పీసీతో పాటు మీరూ చల్లగా ఉంటారు. ప్రాసెసర్ ఒక్కటే వేడెక్కే పని అయితే 360 ఏఐఓ ధరలో, పనిలో రెండిటిలోనూ మేలు. పెద్ద కార్డు గంటల తరబడి నిండుగా పని చేస్తూ, పక్కన నిశ్శబ్దం కావాల్సినవాళ్లకు మాత్రం కస్టమ్ లూప్‌కు సాటి లేదు. ఏడాదికోసారి నీళ్లు దించి, బ్లాకు చూసి, రేడియేటర్ దుమ్ము దులిపే ఓపిక లేకపోతే మాత్రం, డబ్బున్నా కొనకండి.

కరెంటు పోతే ఏంటి అని మా తమ్ముడు మళ్లీ అడిగాడు. పీసీ, పంపు రెండూ ఒకేసారి ఆగుతాయి, వేడి పుట్టించేదే లేదు కాబట్టి నష్టం లేదు. భయం అది కాదు. పీసీ యూపీఎస్ మీద నడుస్తూ గదిలో ఏసీ మాత్రం ఆగిపోయే ఆ గంటే అసలు పరీక్ష. దానికి నా బయోస్‌లో, ఫ్యాన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక హద్దు పెట్టాను, నీళ్లు 55 చేరితే హెచ్చరిక, 58కి పీసీ తనంతట తానే ఆగిపోతుంది. వేసవంతా హెచ్చరిక దాకా కూడా రాలేదు, అయినా ఆ సెట్టింగ్ తీయను. యూపీఎస్ మాత్రం ప్యూర్ సైన్‌వేవ్‌ది, అంటే మెయిన్ కరెంటులాగే నునుపైన కరెంటు ఇచ్చేది, తీసుకోండి, పీసీ మొత్తం నిండుగా లాగే వాట్లు కొలిచి, దానికి పైన కొంత జాగా ఉండేలా.